సొంతంగా సైకిల్ చక్రం కట్టుకునేవాళ్లకి: వంకర లేకపోతే చాలదు, పుల్ల (స్పోక్) బిగిసిందా చూడండి

పోయిన ఆదివారం శ్రీశైలం ఘాట్ దిగుతుండగా మా గ్రూపులో ఒకబ్బాయి వెనక చక్రం మలుపులో ఎనిమిది అంకెలా మెలిదిరిగిపోయింది. కాలర్ బోన్ విరిగింది, హెల్మెట్ ఉంది కాబట్టి తల దక్కింది. ఆ చక్రం అతను ఇంట్లో కట్టుకున్నదే. హబ్బు (చక్రం మధ్యలో పుల్లలు తగిలించే బొడ్డు) మంచిది, రిమ్ము మంచిది, పుల్లలూ మంచివే. బయల్దేరేముందు తిప్పి చూపించాడు, బ్రేకు ప్యాడ్ల మధ్య వెంట్రుకవాసి కూడా ఊగలేదు. తెగిన పుల్లలు తర్వాత చూస్తే అన్నీ హబ్బు దగ్గర వంపులోనే తెగాయి, మిగిలినవి రెండు వేళ్లతో నొక్కితే మెత్తగా వంగిపోతున్నాయి.

వానలు తగ్గాయి, బ్రెవెలు (గడువు లోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లు) మొదలవుతున్నాయి, రోడ్ల మీద గుంతలు మాత్రం అలాగే ఉన్నాయి. ఈమధ్య సొంతంగా చక్రం కట్టుకోవాలన్న సరదా కూడా బాగా పెరిగింది, మంచిదే. హెల్మెట్, లైట్లు, టైరు గాలి గురించి నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒక్కటే, అది చాలామందికి తెలిసీ చెయ్యరు: చక్రం వంకర లేకుండా తిరగడం వేరు, పుల్లలకి సరిపడా బిగువు ఉండటం వేరు. పుల్లలు వదులుగా ఉన్నా చక్రం చక్కగా తిరుగుతుంది, స్టాండు మీద తేడా తెలియనే తెలియదు.

చాలామంది పుల్ల బిగువెక్కువై తెగుతుందనుకుంటారు. రోడ్డు మీద జరిగేది దాదాపు ఎప్పుడూ దానికి తలకిందులు. మీ బరువు పడినప్పుడు చక్రం అడుగున ఉన్న పుల్లల బిగువు కాస్త తగ్గుతుంది, తిరిగి పైకి వెళ్తే మామూలుకి వస్తుంది. మొదటే బిగువు తక్కువైతే అడుగుకి వచ్చినప్పుడల్లా పుల్ల పూర్తిగా వదులైపోయి ఫ్లాంజి (హబ్బుకి రెండువైపులా పుల్లలు దూర్చే అంచు) రంధ్రంలో ఆడుతుంది, నిపుల్ (రిమ్ము దగ్గర పుల్లని బిగించే చిన్న నట్టు) మెల్లగా విప్పుకుంటుంది, వంపు దగ్గర ఇనుము అలిసిపోతుంది. 700 సైజు చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు, అంటే 200 కిలోమీటర్ల బ్రెవెలో ఒక్కో పుల్ల దగ్గర దగ్గర 95 వేల సార్లు ఇలా వదులై బిగుస్తుంది. ఒకటి తెగితే పక్కవాటి మీద భారం, ఆ తర్వాత ఘాట్ దిగుడులో ఏమవుతుందో పైన చెప్పాను.

ఇక సామాన్లు.

హబ్బు: మీ ఫ్రేము వెడల్పు ముందు కొలుచుకోండి. రిమ్ బ్రేకు రోడ్ బైకులకి సాధారణంగా వెనక 130 మి.మీ., డిస్క్ అయితే 135 లేదా త్రూ యాక్సిల్‌తో (ఫ్రేములోంచి దూర్చి బిగించే లావు ఇరుసు) 142. పాత హబ్బు వాడుతుంటే ఫ్లాంజి మీద పాత పుల్లల గాట్లు చూసి అదే దిక్కున అల్లండి, ఎదురు అల్లితే ఫ్లాంజి చీలే ప్రమాదం ఉంది.

రిమ్ము: 32 రంధ్రాలు, మనిషి బరువున్నా సామాను మోసినా 36. నాన్నల కాలం రోడ్‌స్టర్ సైకిళ్లకి ముందు 32, వెనక 40 పుల్లలు ఉండేవి, వడ్ల బస్తా ఎక్కించేవాళ్లు కాబట్టి ఆ లెక్కకి అర్థముంది. 20 పుల్లల ఫ్యాషన్ చక్రం మొదటి ప్రయత్నంగా కట్టకండి, ఒకటి తెగితే రిమ్ము ఫ్రేముకి తగిలి ఇంటికి కూడా రాలేరు. రిమ్ము గరిష్ఠ బిగువు ఎంతో స్టిక్కరు మీదో కంపెనీ కాగితంలోనో ఉంటుంది, మామూలుగా 100 నుంచి 120 కేజీల మధ్య. ఆ అంకె దొరకని రిమ్ము కొనొద్దు.

పుల్లలు: స్టెయిన్‌లెస్, మధ్యలో సన్నగా ఉండే 2.0/1.8 రకం (చివర్లు 2.0, మధ్యలో 1.8 మి.మీ.). మధ్యలో సాగే గుణం ఉండటం వల్ల వంపు మీద దెబ్బ తగ్గుతుంది, లావు పుల్లే గట్టిదనుకునేవాళ్లు ఇది నమ్మరు. నిపుల్స్ ఇత్తడివి. వైజాగ్, కాకినాడ లాంటి చోట్ల ఉప్పు గాలికి అల్యూమినియం నిపుల్స్ తినేసుకుపోతాయి, కొన్ని గ్రాముల కోసం ఆ కక్కుర్తి వద్దు.

పొడవు దగ్గరే మళ్లీ అదే బిగువు గొడవ వస్తుంది. రిమ్ము లోపలి వ్యాసం నెట్‌లో దొరికిన అంకెతో లెక్క కట్టకండి, కొన్ని కంపెనీలు నిపుల్ కూర్చునే చోటు వరకు కొలుస్తాయి, కొన్ని నిపుల్ తల వరకు. రెండు పుల్లలకి నిపుల్స్ ఎక్కించి ఎదురెదురు రంధ్రాల్లో పెట్టి మీరే కొలవండి, రెండు మూడు చోట్ల. పుల్ల చివర నిపుల్ తలలోని గాటు దాకా రావాలి. పొట్టిదైతే నిపుల్ తల ఊడుతుంది. పొడుగైతే ఇంకా మోసం: థ్రెడ్డు అయిపోయి స్పోక్ కీ (నిపుల్ తిప్పే పనిముట్టు) తిరగదు, మీరేమో బాగా బిగిసిందనుకుంటారు. కీ గట్టిగా ఉండటం బిగువు కాదు. నూనె లేని థ్రెడ్డు కూడా కీని గట్టిగానే చేస్తుంది. అందుకే థ్రెడ్డుకి అవిసె నూనె, రిమ్ము రంధ్రానికి చుక్క నూనె, ఇవి లేకుండా అల్లడం మొదలుపెట్టొద్దు.

కట్టేటప్పుడు చూసిన తప్పు ఒక్కటే, మళ్లీ మళ్లీ అదే. చక్రం కుడికి వంగితే కుడివైపు పుల్ల వదులు చేస్తారు, ఎడమకి వంగితే ఎడమవైపు. గంటసేపు అలా చేస్తే వంకర పోతుంది, దాంతోపాటు బిగువూ పోతుంది. షాపుల్లో బెండు తీసేవాళ్లూ చాలామంది ఇదే చేస్తారు, తుప్పు పట్టిన నిపుల్‌ని బిగించడం కన్నా వదలడం తేలిక కాబట్టి. వదలాల్సి వస్తే ఎంత వదిలారో ఎదుటి పుల్ల అంత బిగించండి.

వెనక చక్రానికి ఇంకో చిక్కుంది. క్యాసెట్ (గేర్ల పళ్ల చక్రాల గుత్తి) ఉండటంతో రెండువైపులా పుల్లల కోణం ఒకటి కాదు, గేర్ల వైపు ఎంత బిగువుంటే ఎడమవైపు అందులో సుమారు సగం నుంచి అరవై శాతమే వస్తుంది. గేర్ల వైపు 70 దగ్గర ఆపేశారంటే ఎడమవైపు 40 అటూఇటూ మాత్రమే ఉంటుంది, ఆ వైపు పుల్లలే ముందు వదులవుతాయి. కాబట్టి గేర్ల వైపు రిమ్ము హద్దు దగ్గరికి తీసుకెళ్లండి. హద్దు దాటితే రిమ్ము రంధ్రాల చుట్టూ పగుళ్లొస్తాయి, అదీ గుర్తుంచుకోండి.

పుల్ల బిగువు కొలిచే టెన్షన్ మీటర్ కొనండి, లేదా గ్రూపులో ఎవరి దగ్గరైనా తెచ్చుకోండి. మీటర్ మీద కనిపించే అంకె కేజీలు కాదు, దానితో వచ్చిన పట్టికలో మీ పుల్ల మందం చూసి మార్చుకోవాలి. ఒకే వైపు పుల్లల మధ్య తేడా 20 శాతం లోపు ఉండాలి. మీటర్ లేనప్పుడు పుల్లలు మీటి వినండి, ఒకే వైపువి ఒకే శ్రుతిలో ఉండాలి, కానీ అది సమానంగా ఉన్నాయనే చెబుతుంది, సరిపడా ఉన్నాయని చెప్పదు.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

డిస్క్ బ్రేకుంటే ముందు, వెనక రెండు చక్రాలకీ క్రాస్ అల్లికే (పుల్లలు ఒకదాన్నొకటి దాటేలా), నేరుగా అల్లొద్దు. 32కి, 36కి మూడు క్రాసులు.

కంటికి అద్దాలు పెట్టుకోండి.

అన్ని నిపుల్స్‌నీ ముందు ఒకే లోతుకి తీసుకురండి, తర్వాత చుట్టూ అర చుట్టు చొప్పున, చివర్లో పావు చుట్టు.

ముందు ఎత్తుపల్లాలు, తర్వాత పక్క వంకర, మధ్యమధ్యలో డిష్ (రిమ్ము ఇరుసుకి సరిగ్గా నడిమధ్యన ఉందా అని) చూడండి. అన్నీ అయ్యాక డిష్ చూద్దామంటే అయిపోయినట్టే.

నిపుల్ తిప్పేటప్పుడు పుల్ల మెలిపడుతుంది. కావాల్సిన దానికన్నా కాస్త ఎక్కువ తిప్పి వెనక్కి వదలండి. అనుమానముంటే పుల్లకి చిన్న టేపు ముక్క అంటించి చూడండి.

పక్కపక్కన సమాంతరంగా ఉన్న జతల్ని చేతికి గ్లవ్స్ వేసుకుని గట్టిగా నొక్కండి, చుట్టూ, రెండు వైపులా. తర్వాత మళ్లీ వంకర తీయండి. మళ్లీ నొక్కండి. నొక్కినా చక్రం మారనంత వరకు. ఇది మానేసినవాళ్ల పుల్లలే తెగుతున్నాయి.

పాత పుల్లలూ కొత్త పుల్లలూ కలపొద్దు. ఒకే వైపు మూడోది తెగిందంటే ఆ వైపు మొత్తం మార్చండి, నాలుగో దాని కోసం ఎదురుచూడొద్దు.

రిమ్ బ్రేకు వాళ్లు: వానాకాలం బురద రిమ్ము గోడల్ని అరగదీస్తుంది. అరుగుదల గుర్తు మాయమైనా, గోడ లోపలికి గుంట పడినా ఆ రిమ్ము మీద కొత్త పుల్లలు దండగ.

కొత్త చక్రంతో నేరుగా 300కి వెళ్లొద్దు. దగ్గర్లో వంద తిరిగి రండి, బిగువు మళ్లీ కొలవండి. కొలవండి అన్నాను, తిప్పి చూడటం కాదు.

బ్రెవె ముందురోజు రాత్రి చక్రం ముట్టుకోవద్దు.

గేర్ల వైపు రెండు, ఎడమవైపు రెండు, ముందువి రెండు పుల్లలు నిపుల్స్‌తో సహా ఫ్రేముకి టేపేసి పెట్టుకోండి, స్పోక్ కీ జేబులో. గేర్ల వైపు పుల్ల మార్చాలంటే క్యాసెట్ విప్పాలి, ఆ పనిముట్టు లేకపోతే వంపు లేకుండా తగిలించుకునే దారపు ఎమర్జెన్సీ పుల్ల ఒకటి ఉంచుకోండి. దిగుడులో వెనక నుంచి టంగుమని వినిపిస్తే మెల్లగా ఆపండి, కిందికి చేరాక చూద్దాం అనుకోవద్దు.