ఉగ్గాని చేయడం ఎలా? ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి

ఉగ్గాని అంటే బొరుగులను (మరమరాలను) తడిపి, తిరగవాత (పోపు) పెట్టి చేసే టిఫిన్. కర్నూల్లో పొద్దున పూట టిఫిన్ బండి దగ్గర నిలబడితే ఉగ్గాని, బజ్జీ దొరక్కపోవడం అరుదు. అనంతపురంలోనూ అంతే. ఇంట్లో చేసేసరికే చాలామందికి ముద్దవుతుంది. మొన్న హైదరాబాద్‌లో బంధువుల ఇంట్లో వడ్డించారు, పళ్లెంలో గరిటె ఆకారంలోనే కూర్చుంది. అది ఉగ్గాని కాదు, చంటిపిల్లకు పెట్టే ఉగ్గు. ఎలా చేశారని అడిగితే, "అటుకుల్లాగే పది నిమిషాలు నానబెట్టాం" అన్నారు.

అటుకులు ఒత్తిన బియ్యం, నానడానికి టైం పడుతుంది. బొరుగులు వేడి ఇసుకలో పొంగిన బియ్యం, లోపలంతా గాలే. నీళ్లు తగిలీ తగలగానే పీల్చేస్తాయి. పది నిమిషాలు నానబెడితే ఇక మిగిలేది గంజే.

నలుగురికి పావు కిలో బొరుగులు చాలు. ఉప్పు బొరుగులే తీసుకోండి, కాస్త లావుగా ఉన్నవి. భేల్‌పూరీకి వాడే పల్చటి తెల్ల మరమరాలు దీనికి పనికిరావు. రెండు పెద్ద ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), ఆరేడు పచ్చిమిరపకాయలు, కరివేపాకు, కొత్తిమీర, ఒక నిమ్మకాయ. శెనగనూనె నాలుగు స్పూన్లు. సన్‌ఫ్లవర్ నూనెతో చేసి రుచి రాలేదని అనకండి. టమాటా వద్దు, అది నీరు వదులుతుంది. క్యారెట్, బఠాణీ వేసేవాళ్లు ఉన్నారు, వాళ్లు ఉప్మా చేసుకుంటే మంచిది.

ముందు పప్పుల పొడి. అరకప్పు వేయించిన పప్పులు (పుట్నాలు), రెండు స్పూన్ల ఎండుకొబ్బరి, నాలుగు తెల్లగడ్డ (వెల్లుల్లి) రెబ్బలు, మూడు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు కలిపి మిక్సీలో రెండు మూడుసార్లు తిప్పి ఆపేయండి. మరీ మెత్తగా అక్కర్లేదు. బజ్జీలు కూడా ఇప్పుడే వేయించి పక్కన పెట్టేయండి. ఉగ్గాని దించాక బజ్జీల కోసం ఆగదు.

తిరగవాతలో పెద్ద విద్యేమీ లేదు. నూనె కాగాక ఆవాలు, జీలకర్ర, కాస్త శనగపప్పు, తర్వాత పచ్చిమిర్చి, కరివేపాకు, ఎర్రగడ్డలు. ఎర్రగడ్డలు మెత్తబడితే చాలు, ఎర్రగా వేగనివ్వొద్దు. అర స్పూను పసుపు వేసి స్టవ్ సన్నగా పెట్టండి. ఇవన్నీ అయ్యాకే బొరుగులను నీళ్లలో వేయాలి. ముందు నానబెట్టి తర్వాత ఎర్రగడ్డలు కోస్తూ కూర్చునేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. ఒకసారి నేనే ఆ పని చేశాను. ఇంటికి చుట్టాలొచ్చారు, బొరుగులు నీళ్లలో ఉన్నాయి, ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చేసరికి బేసిన్లో సంకటి తయారైంది. ఆ రోజు అందరికీ బజ్జీలే టిఫిన్.

ఇక అసలు పని. బొరుగులు మెత్తబడి ఉంటే ముందు ఎండలో పెట్టి కరకరలాడేట్టు చేసుకోండి, లేదంటే కొన్ని నానతాయి, కొన్ని సాగుతాయి. పెద్ద బేసిన్ నిండా చల్లటి నీళ్లు పోయండి. వేడి నీళ్లు వద్దే వద్దు. బొరుగులు రెండు వాయిలుగా వేయండి. అవి పైకి తేలతాయి. అరచేత్తో అదిమి నీళ్లలో ముంచండి. చుయ్యిమని సన్నగా చప్పుడు చేస్తూ బరువెక్కుతాయి. అర నిమిషం చాలు. గడియారం చూడటం కన్నా ఒక గింజను వేళ్ల మధ్య నొక్కి చూడటం మేలు. పైన మెత్తగా, మధ్యలో సన్నగా ఒక పలుకు తగలాలి. పలుకు పోయిందంటే మీరు ఆలస్యం చేసినట్టే.

నీళ్లు వంపేయకండి, జల్లెడలో కూడా గుమ్మరించకండి. బొరుగులు ఇసుకలో వేయించినవి కదా, ఎంత జల్లించినా ఒకటీ అరా ఇసుక రేణువులు ఉంటాయి. అవి బేసిన్ అడుక్కి దిగుతాయి. పైనుంచి దోసిళ్లతో తీస్తే ఇసుక నీళ్లలోనే ఉండిపోతుంది. వంపితే పళ్ల కిందికి వస్తుంది.

దోసిలిలోకి తీసుకున్నది రెండు అరచేతుల మధ్య పెట్టి ఒక్కసారి గట్టిగా నొక్కండి. బట్టలు పిండినట్టు మెలిపెట్టొద్దు, గింజ విరిగి పిండైపోతుంది. ధారగా కారుతున్న నీళ్లు ఆగి, చుక్కలు మొదలైతే అక్కడితో సరి. పిండిన ముద్దను వెడల్పాటి పళ్లెంలో వేసి వేళ్లతో విడదీయండి. ముద్దలు ముద్దలుగానే బాండ్లిలో వేస్తే లోపల తెల్లగా, పైన పసుపుగా మిగులుతాయి. తక్కువ పిండితే ఏమవుతుందంటే, ఆ తడి బాండ్లిలో ఆవిరై గింజలను మళ్లీ ఉడికిస్తుంది. అప్పుడు పొడి ఎక్కువ వేసి సర్దుదామని చూస్తారు. సర్దుకోదు, గొంతు పట్టుకుంటుంది. ఎక్కువ పిండినా భయం లేదు, కాసిని నీళ్లు చిలకరిస్తే సరిపోతుంది. కాబట్టి తప్పు చేయాల్సి వస్తే అటువైపే చేయండి.

రెండో వాయి కూడా అలాగే పిండి, మొత్తం బాండ్లిలో వేసి, అడుగు నుంచి పైకి తిప్పుతూ రెండు నిమిషాలు కలపండి. పసుపు అంతటా పట్టగానే స్టవ్ ఆపేయండి. పప్పుల పొడి, నిమ్మరసం, కొత్తిమీర మంట మీద ఉండగా వేయకూడదు. పొడి మంట మీద ముద్దకడుతుంది, నిమ్మరసం చేదెక్కుతుంది. చింతపండు పులుసు పోసే ఇళ్లూ ఉన్నాయి. మళ్లీ తడి ఎందుకని నా బాధ. బొరుగుల్లో ఉప్పు ఉంది కాబట్టి రుచి చూశాకే ఉప్పు వేయండి.

సరిహద్దుకు అటువైపు బళ్లారిలో దీన్నే మండక్కి ఒగ్గరణె అంటారు. కన్నడంలో ఒగ్గరణె అంటే తిరగవాత, ఉగ్గాని పేరు దాంట్లోంచే వచ్చిందంటారు. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది, పక్కనే ఉన్న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి. ఇది మాది అంటే మాది అని ఆదోనిలో వాదన పెట్టుకునేవాళ్లు ఇప్పటికీ దొరుకుతారు. నేను ఆ గొడవలోకి పోను. బళ్లారివాళ్లు పంచదార వేస్తే మాత్రం ఊరుకోను.

వేడిగా పళ్లెంలో వేసి, పైన పచ్చి ఎర్రగడ్డ ముక్కలు, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టండి. బజ్జీని తుంచి ఉగ్గానిలో నలిపి తినాలి. మిగిలితే మధ్యాహ్నంలోగా తినేయండి. ఫ్రిజ్‌లో పెడితే గింజ రబ్బరులా సాగుతుంది.