టీవీ వ్యాపారం లెక్క చదవడం – పాఠం 4: ఈఎస్‌పీఎన్‌కి డబ్బు కట్టిందెవరు?

పోయినసారి ఇచ్చిన అభ్యాసంలో దాదాపు అందరూ ఒకే చోట తప్పారు. అమెరికా స్పోర్ట్స్ ఛానెల్ ఈఎస్‌పీఎన్ ఎందుకు ఎదిగిందంటే రేటింగ్, యాడ్స్ అని రాశారు. ఈ వారం చెప్పాల్సిన ప్రసార హక్కుల సంగతి ఆపేస్తున్నాను. ఇది తేలకుండా అది తలకెక్కదు.

పుట్టుక మీకు తెలిసిందే: 1979 సెప్టెంబర్ 7, అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిస్టల్, పెట్టింది బిల్ రాస్ముసెన్, ఆయన కొడుకు స్కాట్, పెట్టుబడి గెట్టీ ఆయిల్ కంపెనీది. నేనైతే ఏ ఛానెల్ చరిత్రనైనా శాటిలైట్ అద్దె దగ్గర మొదలుపెడతాను. సొంత రాష్ట్రంలో ఆటలు చూపిద్దామని బయల్దేరిన రాస్ముసెన్, రోజుకి కొన్ని గంటలకి అద్దె అడిగారు. 24 గంటలకి తీసుకుంటేనే చవకని తేలింది. పైగా ఆ సిగ్నల్ దేశమంతా అందుతుంది. ఆలోచన అక్కడే మారిపోయింది.

ఇప్పుడు అసలు తప్పు. చూసేవాళ్లు వేరు, కనెక్షన్లు వేరు. ఒక వీధిలో 100 కేబుల్ ఇళ్లున్నాయి, 8 ఇళ్లలో మ్యాచ్ నడుస్తోంది అనుకోండి. యాడ్ ఇచ్చినవాడికి ఆ 8 ఇళ్లే లెక్క. కేబుల్ ఆపరేటర్ మాత్రం ఛానెల్‌కి 100 ఇళ్ల లెక్కన కడతాడు. వంటల ప్రోగ్రాం తప్ప ఏదీ చూడని మామ్మగారి ఇంటికీ కడతాడు. ఆ ఇల్లు నెలరోజులు తాళం వేసి ఉన్నా కడతాడు. ఇంటికి 10 సెంట్లయితే నెలకి 10 డాలర్లు, మ్యాచ్ ఉన్నా లేకపోయినా. దయచేసి రేటింగ్‌ని ఈ లెక్కలోకి లాగకండి.

మొదట్లో ఈఎస్‌పీఎనే ఆపరేటర్లకి ఎదురు డబ్బిచ్చేది. నష్టాలు పెరిగాక, 1980ల తొలి ఏళ్లలో, కనెక్షన్‌కి ఇంత అని వసూలు మొదలుపెట్టింది. 1987లో ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఆదివారం రాత్రి మ్యాచ్‌లు చేతికొచ్చాక రేటు పెంచమని అడిగే బలం వచ్చింది. మ్యాచ్ రాకపోతే జనం ఫోన్ చేసి తిట్టేది ఆపరేటర్నే కదా! 1993లో ఈఎస్‌పీఎన్ 2 వచ్చింది. 1996లో సంస్థ డిస్నీ చేతికెళ్లింది. 2011 నాటికి 10 కోట్ల ఇళ్లు దాటింది. తర్వాత జనం కేబుల్ తీసేయడం మొదలైంది. మ్యాచ్ చూసేవాళ్లు అలాగే ఉన్నా, మామ్మగారి ఇంటి కనెక్షన్ పోతే ఆదాయం పోతుంది. 2025 ఆగస్టులో కేబుల్ లేకుండా నెలకి 29.99 డాలర్లకి నేరుగా అమ్మడం మొదలుపెట్టింది అందుకే.

అభ్యాసం: మీ ఇంటి కేబుల్ లేదా డీటీహెచ్ బిల్లులు 12 నెలలవి తీయండి. డబ్బు కడుతున్న ప్రతి స్పోర్ట్స్ ఛానెల్‌కీ రెండు గళ్లు: కట్టింది ఎంత, చూసింది ఎన్ని రోజులు. ఇలాగే మరో ఐదు ఇళ్లవి అడిగి రాయండి. ఒక్క ఇంటి లెక్క నాకు వద్దు.