ఈవో, సీఈవో: అర్జీ మీద హోదా ఎలా రాయాలి

శ్రీకాకుళంలో అర్జీలు రాసిపెట్టడం నా పని. ఒకసారి శ్రీకూర్మం నుంచి వచ్చిన పెద్దామె, "ఈవో గారికి రాయి బావూ" అంది. ఆ ఊరనగానే నాకు కూర్మనాథుడి గుడే తోచింది. ఆమె గోడు వీధి కాలువ గురించి. అది గుడి పక్క కాలువే కావడంతో అనుమానం రాలేదు. గుడి ఈవోయే అనుకుని "కార్యనిర్వహణాధికారి గారికి" అని పెట్టేశాను. ఆమె చెప్పింది గార మండల పరిషత్తు ఈవో గురించి. అక్కడ ఈవో అంటే విస్తరణాధికారి. తప్పు నాది, ఆటో ఖర్చులు ఆమెవి. అప్పటినుంచి ముందు పనేమిటో అడిగి, తర్వాతే హోదా రాస్తున్నాను.

గుడి పనైతే, అంటే అరసవల్లి అయినా విజయనగరం పైడితల్లమ్మ గుడి అయినా, కార్యనిర్వహణాధికారి అని రాస్తే చాలు. "ముఖ్య" అక్కర్లేదు. జిల్లా పరిషత్తుకైతే ముఖ్య కార్యనిర్వహణాధికారి, అదే సీఈవో. చాలామంది చైర్‌పర్సన్‌నీ సీఈవోనీ ఒకటే అనుకుంటారు. చైర్‌పర్సన్ ఎన్నికై వచ్చినవారు, సభ నడిపేవారు. సీఈవో ప్రభుత్వం వేసిన అధికారి, సభ తీర్మానాలను అమలు చేసేవారు. జెడ్పీ బడి మాస్టారు పీఎఫ్ అప్పు కోసం పెట్టే అర్జీ సీఈవో పేరిటే ఉండాలి.

పేపర్లో ఓటర్ల జాబితా వార్త పక్కన కనిపించే సీఈవో వేరు. ఆయన రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి. పొట్టి అక్షరాలతో వచ్చే చిక్కే ఇది, అందుకే అర్జీలో హోదా పూర్తిగా రాయమంటాను.

కంపెనీల్లో ఎండీయే, అంటే మేనేజింగ్ డైరెక్టరే, సీఈవో అని అనుకోవద్దు. 2013 కంపెనీల చట్టం ప్రకారం కంపెనీ ఎవరిని ఆ హోదాలో నియమిస్తే వారే సీఈవో. వాళ్ల ఉత్తరం కింద సంతకం దగ్గర ఏముందో చూసి అదే రాయండి.

అక్షరాల దగ్గరా జాగ్రత్త. "నిర్వహణ"లో వకు దీర్ఘం లేదు, "నిర్వాహకుడు"లో ఉంది. "కార్యనిర్వాహణాధికారి" అని బోర్డుల మీద కూడా చూస్తుంటాను, మనసు చివుక్కుమంటుంది. అధికారి ఆడవారైనా "అధికారి" అనే రాయొచ్చు. పేరు మాత్రం వద్దు. అర్జీ చేరేలోపు బదిలీ అయిపోవచ్చు.

నేను రాసే తీరు ఇది:

శ్రీయుత ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,
జిల్లా పరిషత్తు, శ్రీకాకుళం.