షుగర్ అంకెలు ఒకదానికొకటి పొంతన కుదరకపోతే: సమస్య - పరిష్కారం

సమస్య: ఇంట్లో మిషన్ 168 చూపింది, అదే పూట ల్యాబ్‌లో 150 వచ్చింది.

రెండూ సరైనవే. షుగర్ వంద దాటినప్పుడు ల్యాబ్ అంకెకు 15 శాతం అటూ ఇటూ ఉంటే మిషన్ బాగున్నట్టే. తేడా అంతకు మించితే మిషన్‌ను తిట్టేముందు వేలు చూసుకోండి. మామిడిపండు తిన్న చేత్తో, బత్తాయి ఒలిచిన చేత్తో గుచ్చుకుంటే వేలికంటిన రసం కూడా లెక్కలోకి వస్తుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే అది పూర్తిగా పోదు. సబ్బుతో కడిగి, బాగా ఆరబెట్టాలి. తడి ఉంటే రక్తం పలచబడి అంకె తగ్గుతుంది.

తర్వాత చూడాల్సింది స్ట్రిప్పులు. చాలా రకాలకు 30 డిగ్రీలే హద్దు. మే నెలలో ఒంగోలు, కావలి ఎండకు బండి డిక్కీలో పెట్టిన డబ్బా పనికిరాకుండా పోతుంది. ఫ్రిజ్‌లోనూ వద్దు, చెమ్మ పడుతుంది. స్ట్రిప్పు తీయగానే మూత బిగించండి.

సమస్య: పరగడుపున 110, మూడు నెలల షుగర్ మాత్రం 8.

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. మూడు నెలల షుగర్, అంటే హెచ్‌బీఏ1సీ, రెండు మూడు నెలల సగటు. ఇది 8 శాతం ఉంటే సగటు షుగర్ సుమారు 183 అన్నమాట. డాక్టరు దగ్గరికెళ్లే ముందు రెండు రోజులు పత్యం చేస్తే పరగడుపు అంకె దిగుతుంది గానీ ఇది దిగదు. పరగడుపున బాగుండి ఇది ఎక్కువుంటే, తిన్నాక పెరుగుతోందేమో చూడాలి. మొదటి ముద్ద నోట్లో పెట్టిన క్షణం నుంచి రెండు గంటలు లెక్కపెట్టి పరీక్షించండి, చెయ్యి కడిగినప్పటి నుంచి కాదు. ఆ రోజుకని ఇడ్లీతో సరిపెట్టొద్దు. రోజూ తినే అన్నం, చేపల పులుసే తినండి. ఐరన్ లోపం వల్ల రక్తం తక్కువుంటే ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువ రావచ్చు. రక్తం ఎక్కించుకున్నా నమ్మలేం, డాక్టరుకు చెప్పండి.

సమస్య: రాత్రి తక్కువే తిన్నా పొద్దున ఎక్కువ.

తెల్లవారుజామున కాలేయం చక్కెర వదులుతుంది. రెండు మూడు రాత్రులు 3 గంటలకు లేచి చూడండి. 70 లోపుంటే రాత్రి మందు మోతాదు ఎక్కువైందేమో డాక్టరును అడగాలి. సొంతంగా పెంచితే ప్రమాదం.

సమస్య: ఉన్నట్టుండి చెమట, వణుకు, కళ్లు తిరగడం.

ఇది లో షుగర్, 70 లోపు. మూడు టీ స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఎక్కకపోతే మరోసారి అంతే. చాక్లెట్ వద్దు, కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

పదేపదే ఇలా అవుతుంటే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. కనిగిరి, పామూరు వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువ కాబట్టి అక్కడివాళ్లు మరీ జాగ్రత్త. కిడ్నీ దెబ్బతింటే ఇన్సులిన్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మాత్రలు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి. "మందు లేకుండానే షుగర్ తగ్గిపోతోంది" అని మురిసిపోయేవాళ్లలో కొందరిది అసలు ఈ సంగతే.