చిలుక మోకాలి కీలు తప్పినప్పుడు: శస్త్రచికిత్సకు ముందు, తరువాత

చిలుక కాలిలో వెనక్కి వంగినట్లు కనిపించే కీలును చాలామంది మోకాలనుకుంటారు. నిజానికి అది చీలమండ. మోకాలు పొట్ట పక్కన ఈకల చాటున ఉంటుంది. అందువల్ల పంజరం ఊచల్లో కాలు ఇరుక్కుని మోకాలి లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టి ఉంచే నార లాంటి పట్టీలు) తెగినా వాపు పైకి తెలియదు. పక్షి ఆ కాలు మోపకపోవడం, కాలు పక్కకు తిరిగి ఉండటం మాత్రమే కనిపిస్తాయి.

ఇంట్లో పుల్ల కట్టడం, కాలు లాగి సరిచేయబోవడం, మనుషుల నొప్పి మాత్రలు వేయడం ఎంతమాత్రం కూడదు. తువ్వాలు పరిచిన అట్టపెట్టెలో వెచ్చగా ఉంచి, పక్షులకు ఆపరేషన్లు చేసిన అనుభవమున్న పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. పట్టుకునేటప్పుడు ఛాతీని నొక్కరాదు. రొమ్ము ఎముక కదిలితేనే పక్షికి ఊపిరి ఆడుతుంది. (గాయపడినది మన రామచిలుక అయితే అటవీశాఖకు తెలపాలి; దానిని పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.)

వైద్యుడు రెండు కోణాల్లో ఎక్స్‌రే తీసి, సాధారణంగా ఐసోఫ్లూరేన్ వాయువుతో మత్తు ఇస్తారు. మెడ దిగువనున్న తిండి సంచి అప్పటికి ఖాళీగా ఉండాలి. అయితే చిన్న పక్షులు ఎక్కువసేపు ఆకలికి ఆగలేవు కనుక ఎన్ని గంటలు పస్తుంచాలో ముందే అడిగి తెలుసుకోవాలి. పక్షి ఎముక గోడ పలుచగా, పెళుసుగా ఉండి మరలను (స్క్రూలను) గట్టిగా పట్టి ఉంచదు కాబట్టి, తొడ ఎముకలోకి, దాని దిగువ ఎముకలోకి సన్నని పిన్నులు దించి, వాటి బయటి కొనలను ఆక్రిలిక్ అనే గట్టిపడే ప్లాస్టిక్ ముద్దతో కలిపి బిగించే పద్ధతి ఉంది. అలా కదలకుండా ఉంచిన కొన్ని వారాల్లో కీలు చుట్టూ కణజాలం గట్టిపడి దానిని నిలబెడుతుంది. తెగిన లిగమెంటుకు బదులుగా నైలాన్ దారం వేయడం మరో మార్గం.

ఇంటికి తెచ్చాక అసలు శ్రమ మొదలవుతుంది. చిలుక ముక్కునే మూడో కాలుగా వాడి ఊచలెక్కుతుంది; కాబట్టి నున్నని గోడలున్న పెట్టెలో ఉంచి, తిండి, నీళ్లు నేలమీదే పెట్టాలి. రోజూ ఉదయం వంటింటి డిజిటల్ త్రాసు మీద గ్రాముల్లో తూచి రాసుకోవాలి. తిండి మానేసిన సంగతి ముందుగా అక్కడే బయటపడుతుంది. పిన్ను చర్మంలోకి దిగిన చోట చీము, దుర్వాసన ఉన్నాయేమో చూడాలి. బరువంతా మోస్తున్న రెండో కాలి అరికాలినీ తిప్పి చూడాలి; అక్కడి పొలుసులు అరిగి నున్నగా, ఎర్రగా మెరుస్తుంటే పుండు మొదలైనట్లే. ఆ కాలికి మెత్తని గుడ్డ చుట్టిన తక్కువ ఎత్తు కొమ్మ అమర్చవచ్చునేమో వైద్యుని అడగాలి.

ఎక్స్‌రే చూసిన తరువాతే పిన్నులు తీస్తారు. మోకాలు కొంత బిగుసుకుపోయినా, చీలమండ, వేళ్లు బాగుంటే చిలుక కొమ్మ పట్టి కూర్చోగలదు.