జిప్పా, సెవెన్‌జెడ్డా? మీ ఫైళ్లతోనే తేల్చుకోండి

హనుమకొండలో డీటీపీ పని చేసే నేను వారానికి రెండుసార్లైనా పుస్తకాల ఫైళ్లను కుదించి కరీంనగర్‌లోని ప్రెస్సుకు పంపుతాను. ఫైళ్లను చిన్నవి చేసి ఒకే ఫైలుగా కట్టే జిప్, సెవెన్‌జెడ్ పద్ధతుల్లో ఏది మేలని అడిగినవారికల్లా ఒకటే చెబుతాను: మీ ఫైళ్ల మీద కొలిచి చూడండి, గంటలో తేలిపోతుంది.

ముందుగా ఒక నమూనా ఫోల్డరు తయారు చేసుకోండి. అందులో మీరు రోజూ పంపే రకం ఫైళ్లే, కనీసం వంద ఎంబీ ఉండాలి. చిన్నదైతే అంతా రెప్పపాటులో ముగిసి తేడా తెలియదు. రామప్ప గుడి ఫొటోలను అందులో కలపకండి. జేపీఈజీ ఫొటోలు, ఎంపీ4 వీడియోలు ముందే కుదించినవి. వర్డ్‌లో తయారయ్యే డాక్స్ (.docx) ఫైలు కూడా లోపల జిప్పే. వీటిని ఏ ప్రోగ్రామూ పెద్దగా తగ్గించలేదు.

యూనికోడ్‌లో ఉన్న తెలుగు పాఠం మాత్రం బాగా తగ్గుతుంది. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘వరంగల్’ అనే మాట 18 బైట్లు: ఆరు సంకేతాలు (వ, ర, సున్న, గ, ల, పొల్లు), ఒక్కోదానికి మూడు బైట్లు. ఆ మూడింటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. ఇంతగా తిరిగొచ్చేదాన్ని పట్టుకోవడమే కుదింపు. అయితే మామూలు జిప్ వాడే డిఫ్లేట్ పద్ధతి 32 కేబీ వెనక్కే చూస్తుంది. అంటే తెలుగులో సుమారు 10,900 సంకేతాలు, కొన్ని పేజీలు మాత్రమే. సెవెన్‌జెడ్ వాడే ఎల్‌జెడ్‌ఎంఏ మెగాబైట్ల దూరం వెనక్కి చూడగలదు కాబట్టి యాభై పేజీల కింద వచ్చిన వాక్యమూ దానికి గుర్తుంటుంది.

ఇక కొలత. ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో కాకుండా కంప్యూటర్ డిస్కులోనే ఉంచండి, లేకుంటే మీరు కొలిచేది పెన్‌డ్రైవ్ వేగాన్నే. బ్రౌజర్ మూసేయండి. ఉచితంగా దొరికే సెవెన్-జిప్ ప్రోగ్రామ్‌లో ఫోల్డరును జిప్‌గా ఒకసారి, సెవెన్‌జెడ్‌గా ఒకసారి కట్టండి. తర్వాత ‘నార్మల్’, ‘అల్ట్రా’ అనే కుదింపు స్థాయిలు మార్చి చూడండి. ఫోను స్టాప్‌వాచ్ చాలు. మొదటిసారి ఫైళ్లు డిస్కు నుంచి, తర్వాత మెమరీ నుంచి వస్తాయి కాబట్టి ప్రతిదాన్నీ నాలుగేసి సార్లు కట్టి, మొదటి లెక్క వదిలేసి, తర్వాతి మూడింటిలో మధ్యది తీసుకోండి. విప్పడానికి పట్టే సమయాన్ని కూడా విడిగా రాసుకోండి. దీన్ని చాలామంది మరిచిపోతారు, కానీ కట్టేది ఒక్కసారి, విప్పేది పదిమంది.

పరిమాణాన్ని, సమయాన్ని కలిపి చూడాలి. మీ ఇంటర్నెట్ సెకనుకు ఒక ఎంబీ పంపగలదనుకోండి. ‘అల్ట్రా’ పది ఎంబీ ఆదా చేసి నలభై సెకన్లు ఎక్కువ తీసుకుంటే, ముప్పై సెకన్లు నష్టమే. ఏళ్లపాటు దాచుకునే ఫైళ్లకైతే ఆ నలభై సెకన్లు పెట్టవచ్చు.

పంపే ముందు సెవెన్-జిప్‌లోని ‘టెస్ట్’ నొక్కి ఫైలు సరిగా ఉందో లేదో చూసుకోండి. అవతలివారి దగ్గర ఏ ప్రోగ్రామ్ ఉందో కూడా అడగండి. ఒకసారి నేను పంపిన సెవెన్‌జెడ్ ఫైలు ప్రెస్సులోని పాత కంప్యూటర్‌లో తెరుచుకోలేదు. రాత్రి పదింటికి మళ్లీ కూర్చుని, అదే పుస్తకాన్ని జిప్‌గా కట్టి పంపాను.