తాతగారి పద్దుల పుస్తకంలోని సిరా రంగును ఇప్పటి ఇంకులతో రాబట్టడం ఎలా?

మా అటక మీద ట్రంకుపెట్టెలో తాతగారి పద్దుల పుస్తకాలు మూడు ఉన్నాయి. కొబ్బరి దింపుల లెక్కలు, కూలి ఖర్చులు, అంబాజీపేట నుంచి వచ్చిన డబ్బు, అన్నీ వాటిలోనే. 1986 ఆగస్టులో గోదారి ఊళ్ళోకి వచ్చినప్పుడు మూడూ తడిశాయి. రెండు పుస్తకాల్లో రాతంతా కరిగి లేత నీలం మరకలై కూర్చుంది. మూడోదానిలో కాగితం ముడతలు పడింది గానీ అక్షరం చెక్కుచెదరలేదు. పక్కనే సగం ఎండిన ఇంకు సీసా దొరికింది. లేబులు వరదకే పోయింది.

ఆ మూడో పుస్తకంలోని రంగుతోనే రాయాలని నాకు పిచ్చి పట్టుకుంది. నీలం కలిసిన బూడిద రంగు, అక్షరం వంపుల్లో కాస్త గోధుమ. మీకూ ఇలాంటి పిచ్చి ఏదైనా ఉంటే (పాత చెల్పార్క్ ఇంకు సీసా కావచ్చు, నాన్నగారు రాసిన ఉత్తరాల కట్ట కావచ్చు) ముందే దుకాణానికి పరిగెత్తకండి. నేను పరిగెత్తి ఆరు సీసాలు కొన్నాను. నాలుగు అలాగే ఉన్నాయి.

మొదట: ఏ వయసు రంగు కావాలి?

రాసిన రోజు ఆ రంగు ఒకలా ఉంది, ఇవాళ ఇంకోలా ఉంది. మీకు ఏది కావాలో తేల్చుకోకపోతే ఎన్ని ఇంకులు కలిపినా తృప్తి ఉండదు. రాసిన నాటి రంగు కావాలంటే వెలుతురు తగలని చోట వెతకండి. ఉత్తరమైతే మడత లోపలి వైపు, పుస్తకమైతే కుట్టు దగ్గర, మధ్య పేజీల్లో. పై పేజీల కంటే అక్కడ రంగు తేడాగా కనిపిస్తుంది. సీసాలో మిగిలిన ఇంకును మాత్రం నమ్మకండి. ఏళ్ళ తరబడి నీరు ఆవిరై చిక్కబడి ఉంటుంది కాబట్టి అసలు రంగు కంటే ముదురుగా కనిపిస్తుంది.

ఇంకో సంగతి. పాత కాగితం పసుపు తిరిగి ఉంటుంది. పసుపు మీద నీలం గీత కొంచెం ఆకుపచ్చ వైపు మొగ్గుతుంది. అందుకని మీరు రేపు ఏ కాగితం మీద రాయబోతున్నారో ఆ కాగితం మీదే పరీక్షలన్నీ చేయండి. పాత పుస్తకం చివర్లో ఖాళీ పేజీలు ఉంటే ఒకటి వాడుకోవచ్చు, అది వరదలో నానింది కాకపోతే. నానిన కాగితానికి పై పూత పోయి ఇంకు పాకుతుంది.

రెండోది: అది ఏ జాతి ఇంకు?

మూడు పుస్తకాల్లో ఒకటే ఎందుకు బతికిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మామూలు ఇంకు అంటే నీళ్ళలో కరిగిన రంగు, అంతే. తడిస్తే మళ్ళీ కరుగుతుంది. పాతకాలం బ్లూ బ్లాక్ (నీలం కలిసిన నలుపు) ఇంకులు చాలావాటిలో ఇనుము ఉండేది. మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు. కరక్కాయ కషాయంలో అన్నభేది (ఇనుము ఉండే లవణం) కలిపితే నల్లటి సిరా వస్తుందని పాతవాళ్ళకి తెలుసు. యూరప్‌లో కరక్కాయ బదులు మాచికాయ వాడారు, మన ఇళ్ళలో చంటిపిల్లలకు అరగదీసి నాకించేదే. ఈ సిరా రాసేటప్పుడు నీలంగా కనిపించడానికి వేరే నీలం రంగు కలుపుతారు. గాలి తగిలాక ఇనుము నల్లబడి కాగితం నారలో దిగిపోతుంది, నీళ్ళకు కదలదు. దశాబ్దాలు గడిచాక నీలం వెలిసిపోయి, నలుపు గోధుమకు తిరుగుతుంది. మా పుస్తకంలో అక్షరాల వంపుల్లో కనిపించే గోధుమ అదే.

మీ దగ్గర వరద చేసిన పరీక్ష లేకపోతే, అక్కర్లేని ఒక అక్షరం మీద దూదిపుల్లతో నీటిచుక్క అద్ది, నిమిషం ఆగి అద్దుడు కాగితంతో నొక్కండి. రంగంతా వచ్చేస్తే మామూలు ఇంకు. నీలం కొంచెం వచ్చి, కింద ముదురు గీత మిగిలితే ఇనుప సిరా అని దాదాపు నమ్మొచ్చు. ఒకే ఒక్క ఉత్తరం ఉంటే మాత్రం ఈ పరీక్ష వద్దు.

సీసాలో ఇంకు ఉంటే మూత తీసి వాసన చూడండి. పాత ఇంకుల్లో బూజు పట్టకుండా ఫినాల్ వేసేవారు, ఆసుపత్రి వాసన వస్తుంది. అది మంచిదే. ముక్కిపోయిన వాసన వచ్చినా, పైన తెట్టు కట్టినా ఆ ఇంకును ఏ పెన్నులోనూ పోయొద్దు. బాగున్నా సరే, పెన్నులో కాకుండా ముంచి రాసే పాళీతోనే వాడండి.

ఆ ఇంకులో ఏ రంగులు కలిసి ఉన్నాయో కూడా చూడొచ్చు. అద్దుడు కాగితాన్ని వేలెడు వెడల్పు పట్టీగా కత్తిరించి, కింది నుంచి సెంటీమీటరు పైన ఇంకు చుక్క పెట్టి, చివర మాత్రమే నీళ్ళలో ఆనేలా గ్లాసులో వేలాడదీయండి. నీళ్ళు పైకి పాకేకొద్దీ ఇంకులోని రంగులు విడిపోతాయి. ఒక నలుపు ఇంకులోంచి ఊదా, పసుపు, నీలం బయటపడటం చూస్తే చిన్నపిల్లల్లా సరదా పడతాం. మీరు అనుకుంటున్న కొత్త ఇంకులకూ ఇదే చేసి పక్కపక్కన పెట్టండి. విడిపోయిన రంగులు దగ్గరగా ఉన్నవాటినే ఉంచుకోండి.

మూడోది: ముందు నీళ్ళు, తర్వాతే ఇంకో ఇంకు

నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇదే. ఇప్పటి ఇంకులు చాలావరకు పాతవాటి కంటే చిక్కన. పాత రాయల్ బ్లూ కావాలని వేరే నీలం కోసం తిరుగుతాం గానీ, ఉన్న సులేఖ, బ్రిల్, క్యామెల్, పార్కర్ క్వింక్‌లలో ఒకదాన్ని పల్చన చేస్తే చాలాసార్లు అదే వచ్చేస్తుంది. పది చుక్కల ఇంకుకు రెండు, నాలుగు, ఆరు చుక్కల నీళ్ళు చొప్పున మూడు నమూనాలు చేయండి.

నీళ్ళంటే డిస్టిల్డ్ వాటరే, బ్యాటరీల్లో పోసేది. పెట్రోలు బంకులో దొరుకుతుంది. మా కోనసీమలో సముద్రం వైపు బోరు నీళ్ళు ఉప్పన. అవి వాడితే పాళీ కింద పొడి పేరుకోవడం ఖాయం.

నీళ్ళతో కుదరకపోతే అప్పుడు కలపండి. చుక్కలు అన్నిటికీ ఒకే ఫిల్లరు వాడండి, ఫిల్లరు మారితే చుక్క సైజు మారుతుంది. నలుపు బలమైనది, ఒక్కో చుక్కే వేయండి. నీలం మరీ మెరుస్తుంటే నలుపు కంటే కొంచెం గోధుమ కలపడం మేలు. నలుపు రంగును చీకటి చేస్తుంది, గోధుమ మెరుపును తగ్గించి బూడిద వైపు తెస్తుంది. నా పుస్తకానికి చివరికి కుదిరింది రాయల్ బ్లూ 10 చుక్కలు, నలుపు 2, గోధుమ 3, నీళ్ళు 8. మీ కంపెనీలు వేరైతే లెక్క మారుతుంది, దీన్ని మొదలుపెట్టడానికే వాడుకోండి.

గమనించారా, ఇనుప సిరా రంగును నేను మామూలు ఇంకులతో చేశాను. నాకు కావలసింది ఇవాళ్టి వెలిసిన రంగు కాబట్టి అది సరిపోయింది. తాతగారు రాసిన రోజు రంగు, నీళ్ళకు చెరగని గుణం కావాలంటే మాత్రం ఇప్పటికీ తయారవుతున్న ఇనుప సిరాలు తీసుకోండి. పెలికాన్ 4001 బ్లూ బ్లాక్, ప్లాటినం బ్లూ బ్లాక్, డయమైన్ రిజిస్ట్రార్స్ ఈ జాతివే. వీటిలో ఆమ్లం ఉంటుంది. స్టీలు పాళీ ఉన్న పెన్నులో నెలల తరబడి వదిలేయకుండా రెండు వారాలకోసారి కడగాలి.

ఇనుప సిరాను మామూలు ఇంకుతో కలపొద్దు. నేను కలిపాను. సాయంత్రం బ్రహ్మాండంగా ఉంది. పొద్దున్నే చూస్తే సీసా అడుగున బురద. అప్పటికే పెన్నులో పోసుకున్నాను, దాన్ని బాగుచేయడానికి మూడు రోజులు పట్టింది. వీలైతే ఒకే కంపెనీ, ఒకే రకం ఇంకులే కలపండి. కలిపినదాన్ని ఖాళీ హోమియో మందు సీసాలో రెండు రోజులు కదపకుండా ఉంచి, అడుగున ఏమీ పేరుకోలేదని చూశాకే పెన్నులోకి.

నాలుగోది: పోల్చడం

తడి ఇంకును పోల్చొద్దు. మామూలు ఇంకైతే ఒక రోజు, ఇనుప సిరా అయితే వారం ఆగండి. వానాకాలంలో మా వైపు కాగితమే చెమ్మగా ఉంటుంది, గీతలు పాకి లావుగా కనిపిస్తాయి. సంక్రాంతి తర్వాత పెట్టుకుంటే హాయి.

పాత శుభలేఖ వెనక తెల్లటి అట్టకు శనగగింజంత చిల్లులు రెండు పక్కపక్కన కొట్టండి. ఒక చిల్లులో పాత గీత, రెండోదాంట్లో కొత్త గీత కనిపించేలా అట్టను పెట్టి చూడండి. చుట్టూ ఉన్న కాగితం రంగు కంటికి అడ్డురాకపోతే అప్పటిదాకా తెలియని తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక వెలుతురు. ట్యూబులైటు కింద ఒకటే అనిపించిన రెండు ఇంకులు ఎండ వెలుగులో విడిపోవచ్చు, వాటిలో వాడిన రంగులు వేరు కాబట్టి. మా పెరట్లో కొబ్బరిచెట్ల కింద కూర్చుని నేను కుదిరిందనుకున్నది డాబా ఎక్కి చూస్తే కుదరలేదు. ఆకుల్లోంచి దిగే వెలుగుకే పచ్చదనం ఉంది మరి. డాబా మీద, నేరుగా ఎండ పడని నీడలో, పొద్దున పది దాటాక చూడండి. రాత్రి లైటు కింద మరోసారి. ఫోటో తీస్తే రెండు నమూనాలూ ఒకే ఫోటోలో ఉండాలి. విడివిడిగా తీస్తే ఫోను దేనికి తోచిన రంగు దానికి వేస్తుంది.

చివరిది: మీ పెన్నులో

దూదిపుల్లతో పూసిన రంగు, పాళీతో రాసిన రంగు ఒకటి కావు. సన్న పాళీ తక్కువ ఇంకు వదులుతుంది, గీత లేతగా వస్తుంది. రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నుల్లాంటివి, అంటే 1930ల్లో గాంధీజీ చేతికి స్వదేశీ పెన్నుగా చేరిన రత్నం పెన్నుల తరహావి, ఫిల్లరుతో నింపేవి, ధారాళంగా రాస్తాయి. వాటిలో అదే ఇంకు ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది. నా మిశ్రమంలో నీళ్ళు 8 చుక్కలకు పెరగడానికి కారణం ఇదే. ఈ పెన్నుల్లో ఇంకు అడుగంటినప్పుడు చేతి వేడికి లోపలి గాలి ఉబ్బి బొట్లు పడతాయి, సగం అయిపోగానే నింపుకోండి.

నీళ్ళు కలిపిన ఇంకులో బూజును ఆపే మందు కూడా పల్చనైపోతుంది. మన ఉక్కకు ఎక్కువ రోజులు నిలవదు. నెలకు సరిపడా, పది మిల్లీలీటర్లకు మించకుండా కలుపుకోండి. సీసా మీద కలిపిన తేదీ, చుక్కల లెక్క రాసి అంటించండి. ఆ చీటీని బాల్‌పెన్నుతో రాయండి. నేను అదే ఇంకుతో రాసి, తడిచేత్తో సీసా పట్టుకుని మొదటి లెక్కను పోగొట్టుకున్నాను.